మదాత్యయం: మద్యం చేసే హాని, మానేటప్పటి జాగ్రత్తలు

మద్యాన్ని అతిగా సేవించడం వలన కలిగే వ్యాధిని ఆయుర్వేదంలో మదాత్యయం అంటారు. చరక సంహిత చికిత్సాస్థానంలోని 24వ అధ్యాయం దీనిని గురించినదే. దేహానికి బలాన్ని, మనస్సుకు స్థైర్యాన్ని ఇచ్చేది ఓజస్సు. గురు, శీత, మృదు, స్నిగ్ధ, స్థిరాది దశగుణాలు దానివి. మద్యం లఘు, ఉష్ణ, తీక్ష్ణ, రూక్షాది విపరీత గుణాలు కలది. అందువలన అది హృదయాన్ని చేరి ఓజస్సును క్షోభింపజేసి, మనస్సును వికలం చేస్తుందని చరకాచార్యులు వివరించారు.

బీరు ప్రమాదరహితమా?

"బీరే కదా!" అని సమాధానపడేవారు ఈ లెక్క గమనించవలెను. 30 మి.లీ. విస్కీలో సుమారు 10 గ్రాముల మద్యసారం ఉంటుంది. 8 శాతం ఘాటు గల 650 మి.లీ. బీరు సీసాలో అది సుమారు 40 గ్రాములు. అనగా ఒక్క సీసా నాలుగు పెగ్గులకు సమానం. కాలేయం గంటకు సుమారు 7 నుండి 10 గ్రాములను మాత్రమే విరిచివేయగలదు. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీటి స్నానం ఈ వేగాన్ని పెంచలేవు.

దేహంలో జరిగే హాని

కాలేయంలో మద్యసారం ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది. క్రమేణా కాలేయానికి కొవ్వు పడుతుంది. పిదప వాపు వస్తుంది. చివరకు అది గట్టిపడి సిరోసిస్ ఏర్పడుతుంది. మొదటి దశలో నొప్పి ఉండదు. అప్పుడే మానివేస్తే కొవ్వు చాలావరకు కరిగిపోతుంది. ఆలస్యమైతే కామెర్లు, జలోదరం, రక్తపు వాంతులు తప్పకపోవచ్చు.

క్లోమశోథ, అధిక రక్తపోటు, గుండె కండరాల బలహీనత కూడ కలుగుతాయి. బి1 విటమిన్ లోపించి అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, మతిమరుపు వస్తాయి. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దప్రేగు, స్త్రీలలో రొమ్ము క్యాన్సర్లకు మద్యం ఒక కారణం. ఆరోగ్యానికి సురక్షితమైన మద్య పరిమాణమంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

హఠాత్తుగా మానవచ్చునా?

మానడం అవశ్యం. కాని ఏళ్ల తరబడి నిత్యం అధికంగా తాగేవారు దీక్ష పట్టిన నాడో, ఇంటివారి ఒత్తిడి వలననో ఒక్కసారిగా మానితే ప్రాణాపాయం కలుగవచ్చు. మొదటి రోజున చేతుల వణుకు, చెమటలు, నిద్రలేమి, వాంతులు కనబడతాయి. రెండు రోజుల లోపున ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరిలో లేనివి కనబడడం, సంధి ప్రేలాపన, తీవ్ర జ్వరం కలుగుతాయి. ఇది దయ్యం పట్టడమో, గాలి సోకడమో కాదు. తాయెత్తులతో కాలయాపన చేయక తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.

అహితమైన అలవాటును అంశాంశంగా విడవాలని చరక సంహిత సూత్రస్థానం బోధిస్తుంది. ఆ క్రమాన్ని వైద్యుడు నిర్ణయించవలెనే గాని ఇంటిలో కొలిచి పోయరాదు. మానినవారు తిరిగి అతిగా తాగితే ధ్వంసకం, విక్షయం అనే కష్టసాధ్య వ్యాధులు వస్తాయని కూడ శాస్త్రం హెచ్చరించింది.

గృహంలో పాటించవలసినవి

మానినవారికి పెసరకట్టు, పాలు, మెత్తని అన్నం, దానిమ్మ, ఉసిరి హితకరం. ఖర్జూరం, ఎండుద్రాక్ష నానబెట్టి పిసికిన నీరు నీరసాన్ని పోగొడుతుంది; మధుమేహులు దీనిని వాడరాదు. జలోదరం ఉన్నవారి ఆహారాన్ని, ఉప్పును వైద్యుడే నిర్ణయించవలెను. ఆసవాలు, అరిష్టాలలో సహజంగా పుట్టిన మద్యసారం ఉంటుంది గనుక మద్యం మానినవారు, కాలేయ రోగులు వాటిని స్వయంగా కొని సేవించరాదు.

నేల ఉసిరి వాడుతున్నాము గదా అని తాగడం కొనసాగించేవారున్నారు. నిప్పు పెడుతూనే నీళ్లు చల్లినందువలన ఇల్లు దక్కదు. మద్యం మానడమే ప్రథమ చికిత్స; ఔషధం దాని తరువాతిదే.