రేకుల కప్పుకు తుప్పు పట్టినప్పుడు

క్రిస్మస్ వస్తున్నదంటే గోడలకు సున్నము, తలుపులకు రంగు వేయించని ఇల్లు మన సంఘాలలో అరుదు. అప్పు చేసియైనా ఆ పని చేయిస్తాము. కాని ఆ గోడలను, తలుపులను కాపాడుచున్న రేకుల మీదికి మాత్రం ఎవరి చూపూ పోదు. జూన్ నెలలో మొదటి వాన కురిసి మంచము మీద నీటిచుక్క పడినప్పుడే తల యెత్తి చూస్తాము. అప్పటికి పైకి ఎక్కే వీలుండదు గనుక ధారల క్రింద బకెట్లు, గిన్నెలు పెట్టుకొని ఆ యేడు గడిపివేస్తాము. ఇట్లు మూడు నాలుగు వర్షాకాలాలు దాటిన తరువాత, రంగుతో నిలుపుకోగలిగిన కప్పును మొత్తంగా దించి కొత్తది వేయవలసి వస్తుంది. ఇండ్లకే కాదు, పల్లెలలోని ప్రార్థన మందిరాలకు, బడి షెడ్డులకు కూడా ఇదే గతి పట్టడం మనము చూస్తూనే ఉన్నాము.

అందుచేత ఈ నెల జింకు రేకులను గూర్చి కొంత వివరంగా వ్రాస్తున్నాము.

రేకుకు ఆ ముడతలు అందము కొరకు పెట్టినవి కావు. తాటాకును చూడండి. మడతలు మడతలుగా ఉన్నంతవరకు గాలికి నిలుస్తుంది, మడత విప్పితే వాలిపోతుంది. పలుచని ఇనుప రేకును అలలుగా వంచితే బలం వస్తుందని గ్రహించి 1829లో ఇంగ్లండులో హెన్రీ రాబిన్సన్ పామర్ అనే ఇంజనీరు దానికి పేటెంటు తీసుకొన్నాడు. అయితే ఇనుము తుప్పు పట్టక మానదు గదా. ఆ లోటు తీర్చినది జింకు, అనగా మన పెద్దలు తుత్తునాగమని పిలిచిన లోహం. 1837లో ఫ్రాన్సు దేశస్థుడు స్టానిస్లాస్ సోరెల్ ఇనుమును కరిగిన జింకులో ముంచి పూత పెట్టే పద్ధతికి పేటెంటు పొందాడు. ఈనాటికీ మనము కొనే జి.ఐ. రేకు ఈ ఇద్దరి పనినీ కలుపుకొన్నదే.

జింకు రెండు విధాల మేలు చేస్తుంది. నీటిని, గాలిని ఇనుము వరకు పోనీయదు. ఎక్కడైనా గీత పడి ఇనుము బయటపడినా, ప్రక్కనున్న జింకు ముందుగా తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. కాని ఆ పూత ఎంత? మంచి రేకు మీద చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 275 గ్రాముల జింకు ఉంటుంది. ఒక్కొక్క వైపు మందం సుమారు 20 మైక్రాన్లు, తలవెంట్రుక మందం కూడా కాదు. బజారులో చవకగా దొరికే 120 గ్రాముల రేకులో అది ఎనిమిది మైక్రాన్లకు కాస్త పైన. కొనేటప్పుడు మనము గేజి ఎంత అని అడుగుతాము గాని జింకు ఎంత అని అడుగము. ఆయుష్షు నిర్ణయించేది మాత్రం ఎక్కువగా ఆ రెండవ అంకెయే.

ఎర్ర తుప్పు కనబడినదంటే అక్కడ జింకు కాపుదల అయిపోయినదని అర్థం. తెల్లని పొడి మాత్రమే కనబడితే జింకే తడికి చెడుచున్నది, ఇనుము ఇంకా బాగానే ఉన్నది. కావున తెల్లతుప్పు దశలో చేసిన పని చౌక, ఎర్రతుప్పు దశలో చేసిన పని ఖరీదు.

సముద్రతీరమున ఉన్నవారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మచిలీపట్నం, నరసాపురం, కాకినాడ ప్రాంతాలలో ఉప్పుగాలికి రేకులు త్వరగా పోతాయని అందరికీ తెలుసు. అయితే అక్కడ రేకు తరచు పైనుండి కాక క్రిందినుండి పోతుంది. పైభాగాన పేరుకొన్న ఉప్పును ప్రతి వాన కడిగివేస్తుంది. చూరు క్రింద, వసారా లోపల వాన తగలదు. అక్కడ పట్టిన ఉప్పు పట్టినట్లే ఉండి, రాత్రి తేమను పీల్చుకొని రేకును తింటుంది. పైన మెరుస్తున్న రేకును నమ్మి చూరు క్రింద చూడనివారు చాలామంది.

మనమే చేసికొనే నష్టం మరికొంత. సొరపాదును, గుమ్మడిపాదును రేకుల మీదికి ఎక్కిస్తాము. కాయలు కాస్తాయి, ఇంటికి చల్లదనమూ వస్తుంది. కాని ఆకుల క్రింద మధ్యాహ్నం వరకు తడి ఆరదు. కోనసీమలో వేడికి రేకుల మీద కొబ్బరి మట్టలు పరుస్తారు, అక్కడా అంతే. గాలికి లేవకుండా పెట్టిన పాత టైర్లు, ఇటుకలు, ఇసుక మూటలు తీసి చూస్తే వాటి ఆకారమే తుప్పుగా అచ్చుపడి కనిపిస్తుంది. పైగా రేకును గాలికి ఆపవలసినది బరువులు కావు, బోల్టులు.

ఈ బోల్టుల సంగతి తేలిక కాదు. తుప్పు ముందుగా పట్టేది రంధ్రాల చుట్టూ, ఒక రేకు మీద ఒకటి ఎక్కిన అతుకులలో. రంధ్రం పెద్దదైతే వాషరు నిలువదు. పెనుగాలి వచ్చినప్పుడు రేకును పైకి లాగే బలం చూరు అంచుల దగ్గర, మూలల దగ్గర, కొప్పు దగ్గర అధికం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు రేకుల కప్పులు లేచిపోవడం మనలో అనేకులు కన్నులారా చూచారు. గాలిలో ఎగిరే రేకు కత్తితో సమానం. ఒక యింటి తుప్పు ప్రక్కింటి బిడ్డకు ప్రాణాపాయం కాగలదు.

ఎక్కడానికి ముందు

మొదట ఇంటిలోపలనుండి చూడండి. మిట్టమధ్యాహ్నం తలుపులు, కిటికీలు మూసి నిలబడితే చిల్లులున్న చోట వెలుగు చుక్కలుగా కనబడుతుంది. సుద్దముక్కతో అక్కడ గుర్తు పెట్టండి. తుప్పు దట్టంగా ఉన్నచోట స్క్రూడ్రైవరు కొనతో నొక్కాలి. దిగబడితే ఆ రేకు రంగుకు పనికిరాదు, మార్చవలసినదే. రేకులలో నాలుగో వంతుకు మించి ఇట్లున్న యెడల రంగు మీద డబ్బు పెట్టవద్దని మా సలహా. ఒకటి రెండు చిన్న చిల్లులైతే ఎం-సీల్ వంటిది పట్టించవచ్చును.

ఇక కరెంటు. స్తంభమునుండి వచ్చే సర్వీసు వైరు రేకుల అంచుకు ఆనుకొని లోపలికి పోయే ఇండ్లు పల్లెలలో ఎన్నో ఉన్నాయి. గాలికి ఊగి ఊగి వైరు పైతొడుగు అరిగితే కప్పు మొత్తానికి కరెంటు వస్తుంది. మెయిన్ స్విచ్ ఆపితే చాలునని అనుకొనవద్దు. సర్వీసు వైరు ఆ స్విచ్‌కు ముందే ఉన్నది గనుక అందులో కరెంటు ఆగదు. లైన్‌మన్‌ను పిలిచి సరఫరా ఆపించి, వైరును రేకులకు దూరంగా కట్టించిన తరువాతనే నిచ్చెన వేయండి. కూలికి వచ్చిన పెయింటరు ఈ మాట అడుగడు, అడిగితే పని పోతుందేమోనని భయపడతాడు. కనుక చూడవలసిన బాధ్యత ఇంటివారిదే.

పైన నడిచేటప్పుడు అడుగు బోల్టుల వరుస మీదనే పడాలి. ఆ వరుస క్రిందనే దూలమో ఇనుప పట్టీయో ఉంటుంది. రెండు వరుసల మధ్య తుప్పుపట్టిన రేకు మనిషి బరువును ఆపదు. వెడల్పాటి చెక్కపలక రెండు మూడు పట్టీల మీద ఆనేటట్లు వేసికొని దానిమీద కూర్చుండి పని చేయడం మేలు. నడుముకు తాడు కట్టుకొనుమంటే నవ్వేవారున్నారు. నవ్వినా కట్టించండి.

సిమెంటు రేకులున్నవారు ఈ గీకే పని జోలికి పోరాదు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉన్న యెడల గీకినప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకు తీరని హాని చేస్తుంది.

గీకుట, కడుగుట

రంగు పని అంటాము గాని ఇందులో మూడు వంతులు శుభ్రం చేయుటే. వైరు బ్రష్‌తో ఊడిపోయే తుప్పును, పెచ్చులు లేచిన పాత రంగును తీసివేసి, తరువాత ఎమరీ కాగితంతో రుద్దాలి. ఇనుము వెండిలాగా మెరవనక్కరలేదు. చేతితో రుద్దితే పొడి రాలకుండా ఉంటే చాలును. జింకు ఇంకా మిగిలియున్న చోట వైరు బ్రష్ వాడకండి. ఉన్న కొద్దిపాటి జింకును మన చేతులతోనే తీసివేసినట్లవుతుంది. అక్కడ గిన్నెలు తోమే నైలాన్ పీచు చాలును.

పాత రంగును గూర్చి తల్లులు గమనించాలి. ఇండ్లకు వాడే రంగులలో సీసం 90 పి.పి.ఎం.కు మించరాదని మన దేశంలో నిబంధన వచ్చినది 2016లో, అమలు మొదలైనది 2017 నవంబరు 1న. అంతకు ముందు వేసిన రంగులో, ముఖ్యంగా సిందూరం కలిసిన పాత ఎర్ర ప్రైమరులో, సీసం ఉండవచ్చును. అది పసిపిల్లల మెదడుకు చెరుపు. కాబట్టి ఆ రంగును పొడిగా గీకక నీటితో తడిపి రుద్దాలి. ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. క్రింద పాత పట్టా పరచి రాలినదంతా మూటకట్టి తీసివేయాలి. పిల్లలను, గర్భిణీ స్త్రీలను ఆ రెండు రోజులు బంధువుల యింటికి పంపగలిగితే మంచిది.

తరువాత సబ్బునీటితో కడిగి మంచినీళ్ళు ధారాళంగా పోయాలి. మంచినీళ్ళు అని ఊరికే అనడం లేదు. తీరగ్రామాలలో బోరు నీరు ఉప్పన. ఆ నీటితో కడిగితే ఏ ఉప్పును పోగొట్టాలని ఎక్కామో దానినే మరల రాసినట్లవుతుంది. ఒక ట్యాంకు తీపినీరు తెప్పించుకొన్నా నష్టం లేదు. చింతపండు పులుసు, ఆసిడ్ వంటివి రాగి చెంబులకు సరే గాని రేకులకు వద్దు; అతుకులలో నిలిచి జింకును తింటాయి. కిరోసిన్‌తో తుడిచినా, నల్ల ఇంజను ఆయిలు పూసినా జిడ్డు మిగిలి రంగు పట్టదు.

బోల్టులు, వాషర్లు మార్చవలసినవి ఈ సమయంలోనే మార్చాలి. బోల్టు ఎప్పుడూ రేకు గట్టు మీద ఉండాలి, నీరు పారే గాడిలో కాదు.

ప్రైమరు, రంగు

రుద్దిన ఇనుమును ఆ రాత్రికి వట్టిగా వదలరాదు. మంచు తగిలితే తెల్లవారేసరికి మరల ఎర్రబడుతుంది. ఉదయం రుద్దినంత మేర ఆ సాయంత్రానికే ప్రైమరు పడాలి.

ఇక్కడ చాలామంది డబ్బు పోగొట్టుకొంటారు. మామూలు ఎనామిల్ రంగును జింకు మీద నేరుగా వేస్తే జింకు ఆ రంగులోని నూనెతో కలిసి సబ్బువంటి పొర పుడుతుంది. ఏడాది తిరగకముందే రంగు అప్పడాలుగా లేచిపోతుంది. పెయింటరు చెడ్డవాడని, కంపెనీ మోసమని అనుకొంటాము గాని కారణం ఇది. ఎర్రతుప్పు తీసిన ఇనుము మీద రెడ్ ఆక్సైడ్ ప్రైమరు సరిపోతుంది. జింకు మిగిలిన చోట గాల్వనైజ్డ్ రేకులకని ప్రత్యేకంగా అమ్మే ప్రైమరు కావాలి. సగం జింకు, సగం తుప్పుగా ఉన్న కప్పుకు రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమరు మేలు. ధర ఎక్కువే, కాని రెండింటినీ పట్టుకొంటుంది. పసుపుపచ్చని జింక్ క్రోమేట్ ప్రైమరు ఇస్తానంటే వద్దని జింక్ ఫాస్ఫేట్ అడగండి. క్రోమేట్ పొడి కాన్సరు కలిగించేది.

20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల కప్పు 300 చదరపు అడుగులని లెక్క వేస్తాము. ముడతల వలన ఇంకొక ఎనిమిదో వంతు కలుస్తుంది, అనగా సుమారు 340. లీటరుకు 100 చదరపు అడుగుల చొప్పున ప్రైమరు మూడున్నర లీటర్లు, రంగు రెండు పూతలకు ఏడు లీటర్లు కావాలి. ఇది పైభాగానికే. ఉప్పుగాలి ఉన్నచోట చూరు క్రిందికి కూడా లెక్క వేసికొనండి.

సంక్రాంతి వెళ్ళిన తరువాత నుండి మార్చి వరకు ఈ పనికి అనువైన కాలం. మంచు ఆరిన తరువాత, అనగా తొమ్మిది గంటల ప్రాంతంలో మొదలుపెట్టి, రేకు చేయి కాలేంత వేడెక్కక ముందే ఆపాలి. కాలే రేకు మీద రంగు పైన ఆరి లోపల పచ్చిగా ఉండి బుడగలు లేస్తుంది. ముందుగా అంచులకు, బోల్టుల చుట్టూ, అతుకులకు చిన్న కుంచెతో ఒక పూత వేసి తరువాత మిగిలినది వేయించండి. రంగు తెలుపో వెండి రంగో అయితే వేసవిలో లోపల వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించినది ఎండను వెనుకకు పంపే ఇట్టి కప్పుల కొరకే.

మొదటి రెండు పెద్ద వానల తరువాత ఒకసారి లోపల నిలబడి సుద్దగుర్తులు పెట్టిన చోట్లు చూడండి. తడి కనబడితే వాషరు బిగించి ఆ చోట ఒక్క పూత వేస్తే సరిపోతుంది. దానికోసం అరలీటరు రంగు మిగిల్చి, మూత గట్టిగా బిగించి, రంగు పేరు, వేసిన నెల, సంవత్సరము డబ్బా మీద వ్రాసి ఉంచుకొనండి.