పెరటిచెట్టు వైద్యం

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని తెలుగువారి సామెత. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల విషయంలో ఈ మాట చాలావరకు నిజమవుతూ వచ్చింది.

చికిత్సను, వ్యాధి నివారణను ఒకేచోట అందించే కేంద్రాలు నెలకొల్పాలని భోర్ కమిటీ 1946లో సిఫార్సు చేసింది. 1952లో ఆరంభమైన సమాజ వికాస పథకంతో అవి గ్రామసీమలకు చేరాయి. మైదాన ప్రాంతాలలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాలలో 20,000 మందికి ఒక కేంద్రం ఉండాలన్నది ప్రమాణం. అయినప్పటికీ, 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం, ఆసుపత్రిలో చేరకుండా చికిత్స పొందిన రుగ్మతలలో సుమారు 30 శాతానికి మాత్రమే ప్రభుత్వ వైద్యశాలలలో చికిత్స జరిగింది.

ఇందుకు ప్రజల అజ్ఞానమే కారణమనుకోవడం పొరపాటు. కేంద్రం తెరిచి ఉండే వేళ, కూలి పనివేళ ఒక్కటే. ఒక పూట కూలి వదులుకొని వెళ్లిన మనిషికి డాక్టరు కనిపించకపోయినా, మందులు బయట కొనుక్కోమని చీటీ చేతికిచ్చినా, అతడు మరల ఆ గడప తొక్కడు. సాయంత్రం ఇంటికి వచ్చి, అవసరమైతే అప్పు పెట్టి మందిచ్చే ఆర్.ఎం.పి.నే నమ్ముతాడు. జబ్బు ముదిరితే నేరుగా పట్నపు పెద్దాసుపత్రికి పోతాడు.

దీనివల్ల నష్టం ఇరువైపులా ఉన్నది. కొద్దిపాటి జ్వరాలతో పెద్దాసుపత్రులు కిక్కిరిసిపోతాయి. రక్తపోటు, మధుమేహం వంటివి తొలిదశలో తరచుగా ఏ బాధా కలిగించవు. దగ్గరలో క్రమంగా పరీక్షించేవారు లేనప్పుడు, పక్షవాతమో, మూత్రపిండాల వ్యాధియో వచ్చిన తరువాతగాని అవి బయటపడవు.

ఈ లోపాన్ని సవరించే ప్రయత్నాలు జరుగుతున్నవి. కేరళ 2017లో 'ఆర్ద్రం' కార్యక్రమం ద్వారా ప్రాథమిక కేంద్రాలను కుటుంబ ఆరోగ్య కేంద్రాలుగా మార్చి, రోగులను చూసే వేళను సాయంత్రం దాకా పొడిగించడం ప్రారంభించింది. హైదరాబాదు పేదవాడలలో 2018లో బస్తీ దవాఖానాలు వెలిశాయి. అదే సంవత్సరం ఏప్రిల్ 14న, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా జాంగ్లా గ్రామంలో, ఆయుష్మాన్ భారత్ పథకం క్రింద తొలి ఆరోగ్య, స్వస్థతా కేంద్రం ప్రారంభమయింది. 2023లో ఈ కేంద్రాలకు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలని పేరు మార్చారు. రక్తపోటు, మధుమేహం, కొన్ని రకాల కాన్సర్లను ముందుగా గుర్తించే పరీక్షలు వీటి సేవలలో చేరాయి.

భవనం కట్టినంతమాత్రాన, పేరు మార్చినంతమాత్రాన విశ్వాసం కుదరదు. కూలివానికి వీలైన వేళ తలుపు తెరిచి ఉండాలి. లోపల డాక్టరు, అలమారలో మందు ఉండాలి. అక్కడ నయంకాని జబ్బుకు పై ఆసుపత్రికి దారి చూపాలి. ఇవి ఏనాడూ తప్పకుండా దొరికినచోట, పెరటిచెట్టే వైద్యానికి పనికివస్తుంది.