శిక్షకుడు - క్రీడాధ్యక్షుడు

పోటీలో ఒక జట్టు గెలిచినప్పుడు ఆటగాండ్ర పేర్లు అందరి నోళ్ళలోను నానును. వారికి ఆట నేర్పిన శిక్షకుని పేరు కొందరికైనను తెలియును. కాని ఆ మైదానమును సిద్ధము చేయించినదెవరు? ఎదిరిజట్టుతో పోటీని కుదిర్చినదెవరు? బంతులకును, దుస్తులకును, ప్రయాణములకును ధనము సమకూర్చినదెవరు? ఈ ప్రశ్నలు మనకు సాధారణముగా తోచవు. అమెరికాలోని విశ్వవిద్యాలయములలో ఈ పనులన్నిటిని నిర్వహించుటకు ప్రత్యేకముగా ఒక అధికారి యుండును. అతనిని అథ్లెటిక్ డైరెక్టరు అందురు. మనము క్రీడాధ్యక్షుడు అని చెప్పుకొనవచ్చును.

చాలకాలము వరకు ఈ పదవి పేరుమోసిన శిక్షకులకే తరచుగా దక్కుచుండెను. దానికి కారణము లేకపోలేదు. ఆ దేశమున విశ్వవిద్యాలయముల ఫుట్‌బాల్ పోటీలను చూచుటకు వేలకొలది జనము వత్తురు. ఇది మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. కోలగానుండు బంతిని చేతబట్టి పరుగెత్తుచు, అడ్డగించువారిని త్రోసికొనిపోవుచు ఆడెడి ఆట. ఏండ్లతరబడి జట్టును గెలిపించిన శిక్షకుని మాటయందు విద్యార్థులకు గురి యుండును. పూర్వవిద్యార్థులకు అతడన్న అభిమానము. అతడడిగినచో విరాళమిచ్చుటకు వారు వెనుదీయరు. షికాగో విశ్వవిద్యాలయమున ఏమస్ అలోంజో స్టాగ్ అను నతడు 1892 మొదలు 1932 వరకు శిక్షకుడుగాను, వ్యాయామశాఖాధిపతిగాను రెండు బరువులను మోసెను.

అయితే మంచి శిక్షకుడు మంచి అధ్యక్షుడు కాగలడా? ఈ ప్రశ్నకు ఫీల్డింగ్ యోస్ట్ జీవితమున రెండు సమాధానములు దొరకును.

యోస్ట్ 1871లో జన్మించెను. న్యాయశాస్త్రము చదివినను ఆటలమీది మక్కువచే శిక్షకుడయ్యెను. 1901లో అతడు ఆన్ ఆర్బర్ పట్టణమందలి మిచిగన్ విశ్వవిద్యాలయమునకు వచ్చెను. ఆ యేడు అతని జట్టు పదునొకండు పోటీలాడి 550 పాయింట్లు సంపాదించెను. ఎదిరిజట్లన్నియు కలిసి ఒక్క పాయింటైనను పొందలేకపోయినవి! వరుసగా ఏబదియారు పోటీలలో ఆ జట్టునకు ఓటమి యన్నది లేదు. తుదకు 1905లో స్టాగ్ శిక్షణమున నున్న షికాగో జట్టు 2-0 పాయింట్లతో దానిని ఓడించెను.

1921లో యోస్ట్ మిచిగన్ క్రీడాధ్యక్షుడయ్యెను. 1926 తరువాత శిక్షకవృత్తిని విడిచి, ఆ పదవికే అంకితుడయ్యెను. జట్టును నడిపినవాడు ఇప్పుడు కట్టడములకు పూనుకొనెను. 1923లో పెద్ద క్రీడాభవనమొకటి వెలసెను. 1927లో డెబ్బదిరెండువేల మందికి పైగా కూర్చుండదగిన మైదానము సిద్ధమయ్యెను. దాని నిర్మాణమునకు ఒక్కొక్కటి 500 డాలర్ల విలువగల ఋణపత్రములను ప్రజలకు విక్రయించిరి. కొన్నవారికి వడ్డీయేగాక, పోటీలకు టిక్కెట్లు కొనుక్కొను హక్కును లభించెను. ముందు ముందు లక్షమంది వత్తురని యోస్ట్ ఊహించి, అందుకు తగినట్లు పునాదులు వేయించెను. అతని యూహ వమ్ము కాలేదు. నేడు ఆ మైదానమున లక్షకు మించి ఆసనములున్నవి.

ఇంతకంటె మెచ్చదగిన పని మరియొకటి కలదు. 1928లో సామాన్యవిద్యార్థులు తమలో తాము ఆడుకొనుటకై ఒక భవనమును కట్టించెను. జట్టులో చోటు దొరకని వానికిని ఆట కావలయును గదా! శిక్షకుడు ఆటలో ఆరితేరినవారిని ఏరుకొనును. అధ్యక్షుడు మిగిలినవారిని గూడ తలచుకొనవలెను. యోస్ట్ ఈ సంగతి నెరిగినవాడు.

కాని అతడు అందరిని సమానముగా చూడలేకపోయెను. 1934లో మిచిగన్ జట్టున విలిస్ వార్డ్ అను నీగ్రోజాతి యువకుడుండెను. ఆటలో మేటి, పరుగునందును, ఎత్తు దూకుటయందును ప్రసిద్ధుడు. ఆ యేడు అక్టోబరు 20వ తేదీన జార్జియా టెక్ జట్టుతో పోటీ కుదిరెను. దక్షిణప్రాంతమునకు చెందిన ఆ జట్టు, నల్లవాడున్నచో తాము ఆడమని పట్టుపట్టెను. వార్డును ఆడింపవలెనని విద్యార్థులును, అధ్యాపకులలో కొందరును ఎలుగెత్తిరి. ఐనను యోస్ట్ మొదలగు అధికారులు అతనిని ఆటనుండి తొలగించిరి. అతని మిత్రుడును, 1974లో అమెరికా అధ్యక్షుడైనవాడును అగు జెరాల్డ్ ఫోర్డ్ అదే జట్టువాడు. తానును ఆడకుందునా యని అతడు మథనపడెను. మిచిగన్ 9-2 తో గెలిచెను. ఆ యేడు ఆ జట్టునకు దక్కిన గెలుపు అదియొక్కటే. కాని ఎవరు మాత్రము దానిని విజయమని గర్వింపగలరు? వార్డు తరువాత న్యాయవాదియై, న్యాయాధిపతియై గౌరవమందెను. 2021లో విశ్వవిద్యాలయపు సలహాసంఘమొకటి క్రీడాభవనమునకు గల యోస్ట్ పేరును తొలగింపవలసినదిగా సిఫారసు చేసెను. పునాదులు వేయునప్పుడు ఏబదియేండ్లు ముందు చూచినవాడు, మనుష్యుని విషయమున కన్నులయెదుటి న్యాయమును చూడలేకపోయెను.

తరువాతికాలమున ఈ పదవి మరింత విస్తరించెను. ప్రభుత్వధనము పొందు విద్యాలయములలో స్త్రీలని వివక్ష చూపరాదని 1972లో అమెరికాలో చట్టము వచ్చెను. అందుచే బాలికల ఆటలకును తగిన స్థానము కల్పింపవలసివచ్చెను. జార్జియా విశ్వవిద్యాలయమున ఫుట్‌బాల్ శిక్షకుడుగా 1964 మొదలు 1988 వరకు పనిచేసిన విన్స్ డూలీ, 1979 నుండి 2004 వరకు క్రీడాధ్యక్షుడుగా నుండెను. అతని కాలమున అచ్చటి బాలికల జిమ్నాస్టిక్స్, ఈత జట్లును జాతీయవిజేతలైనవి. నెబ్రాస్కా విశ్వవిద్యాలయమున ఇరువదియైదేండ్లలో 255 విజయములు గడించిన టామ్ ఆస్బర్న్, కొంతకాలము పార్లమెంటువంటి కాంగ్రెసు సభలో సభ్యుడై, 2007లో క్రీడాధ్యక్షుడుగా తన విద్యాలయమునకు మరలివచ్చెను. విస్కాన్సిన్ శిక్షకుడు బారీ అల్వరెజ్ 2004 మొదలు 2021 వరకు అచ్చటనే ఆ పదవి నిర్వహించెను.

నేడు లెక్కలును, చట్టములును, విరాళములును బాగుగ తెలిసిన నిర్వాహకులకే ఈ పదవి ఎక్కువగా లభించుచున్నది. శిక్షకుడుగా పొందిన కీర్తి ఒక్కటే చాలదు. శిక్షకుని పని గెలుపు. దానిని ఆటముగిసిన వెంటనే పలకపై చూడవచ్చును. అధ్యక్షుని పని న్యాయము. దానిని పాయింట్లతో లెక్కింపరాదు. ఆటకు రాగోరి గడపకు వెలుపల నిలిచినవారు ఎందరని విచారించినచో, అతని గెలుపోటములు తెలియును.