రచయిత కాగితాలు తూకానికి పోరాదు

కడప: రచయిత కన్నుమూస్తే అచ్చయిన పుస్తకాలు బీరువాలో మిగులుతాయి. చిత్తుప్రతులు, ఉత్తరాలు మాత్రం పాత కాగితాల కింద తూకానికి వెళుతుంటాయి. ఏ మాట కొట్టివేసి ఏ మాట చేర్చారో తెలిపేవి అవే. సి.పి.బ్రౌన్ కడపలో పండితులకు జీతాలిచ్చి రాతప్రతులకు శుద్ధప్రతులు రాయించారు. ఆయన బంగ్లా శిథిలమైంది. సేకరించిన ప్రతులు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో నిలిచాయి.

భద్రపరచడం బ్రహ్మవిద్యేమీ కాదు. తుప్పుపట్టే గుండుసూదులు తీసివేయాలి. సెల్లోటేపు అంటించరాదు, లామినేషన్ అసలే వద్దు. ఉత్తరాలను కవర్లతో సహా, ఉన్న వరుసలోనే ఉంచాలి. తేదీ లేని ఉత్తరానికి తపాలా ముద్రే సాక్ష్యం.

కట్టడం కూలినా దాని రూపం తెలియాలంటే ప్లాన్లు దక్కాలి. బ్లూప్రింట్లు వెలుతురుకు వెలిసిపోతాయి, మడిస్తే మడత వద్ద చిరుగుతాయి. వాటిని పరిచి గానీ చుట్టి గానీ చీకటిలో, తేమ తగలకుండా దాచాలి.