కంటిలో లెన్సులతో నిద్రింపరాదు

విజయవాడలో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి షాలిమార్ చేరు ప్రయాణికులు ఒక రాత్రి బండిలోనే గడపవలెను. కాంటాక్టు లెన్సులు ధరించువారిలో కొందరు, బండిలో చేతులు శుభ్రపరచుకొను వీలు లేదని, వానితోడనే నిద్రింతురు. ఇది ప్రమాదకరము.

నల్లగ్రుడ్డును కప్పియుండు కార్నియా అను పారదర్శకమైన పొరలో రక్తనాళములు లేవు. మెలకువలో దానికి ప్రాణవాయువు గాలినుండి కన్నీటి ద్వారా అందును. రెప్పలు మూసినప్పుడు ఈ సరఫరా సహజముగనే తగ్గును. లెన్సు అడ్డుపడినచో మరింత తగ్గి, పొర ఉబ్బి బలహీనమగును. రెప్పపాటుతో కన్నీరు మలినములను కడిగివేయుటయు ఆగిపోవును. అప్పుడు సూడోమోనాస్ వంటి సూక్ష్మజీవులు ప్రవేశించి పుండు కలిగింపగలవు. పుండు మానినను మచ్చ మిగిలి చూపు మందగింపవచ్చును. అమెరికాలో 1989లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, పగటిపూట ధరించు మెత్తని లెన్సులవారిలో ఏటా 10,000 మందిలో సుమారు నలుగురికి, రాత్రులందును ధరించుటకై చేసిన రకము వాడువారిలో 21 మందికి ఈ పుండు కలిగెను.

కావున ఇంటియొద్దనే చేతులు కడుగుకొని, లెన్సులు తీసి, కళ్ళజోడు పెట్టుకొని బయలుదేరుడు. జోడు అందము కాదనువారు కలరు, రాత్రిబండిలో చూచువారెవరు? కుళాయినీటితో లెన్సులను కడుగరాదు. అందు అకాంథమీబా అను సూక్ష్మజీవి ఉండవచ్చును. షాలిమార్‌లో దిగునప్పటికి కన్ను ఎఱ్ఱబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకున్నచో, లెన్సు తీసివేసి ఆ దినమే నేత్రవైద్యుని దర్శింపవలెను. తీసిన లెన్సును పారవేయక వెంట కొనిపొండు; దానిని పరీక్షించి వ్యాధికారకమును గుర్తించుటకు వీలు కలుగును.