రెక్కల రాకెట్టుకు రంగే బరువు

మందు అంటుకోగానే రివ్వున ఎగసి, అది కాలిపోయాక గద్దలా తేలుతూ దిగేదే రాకెట్ గ్లైడర్. 2016 మే 23న శ్రీహరికోట నుంచి ఇస్రో ప్రయోగించిన రెక్కల వాహనం ఈ కోవలోదే. 65 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి బంగాళాఖాతం వైపు దిగింది. 2023 ఏప్రిల్ 2న అలాంటి వాహనాన్నే అనంతపురం జిల్లా పొరుగున చిత్రదుర్గం వద్ద హెలికాప్టర్ నుంచి వదిలితే, తనంతట తానే రన్‌వే మీద వాలింది.

బెండుతోనో పలుచని చెక్కతోనో చిన్న నమూనా చేయడం చేయి తిరిగిన పిల్లలకు పెద్ద పని కాదు. చిక్కంతా రంగు దగ్గరే. బండి చక్రానికి పూసినట్టు దట్టంగా పూస్తే గ్లైడర్ ఎగరదు. అమెరికా స్పేస్ షటిల్ పెద్ద ఇంధన ట్యాంకుకు 1981లో రెండు ప్రయాణాలకు తెల్లరంగు వేశారు. 1982లో మూడో ప్రయాణం నుంచి మానేస్తే సుమారు 270 కిలోల బరువు తగ్గింది. అంతటి వాహనానికే రంగు బరువైతే, అరచేతిలో పట్టే బొమ్మ సంగతి చెప్పాలా?

ముందు సన్నని గరుకు కాగితంతో చెక్కను నున్నగా రుద్ది, దుమ్ము తుడవాలి. తర్వాత పలుచని పూత ఒక్కటి చాలు. రెక్కకు ఒకవైపే పూస్తే, ఆరేటప్పుడు రంగు బిగిసి రెక్క వంగుతుంది. కుడి రెక్కకు ఎంతో ఎడమ రెక్కకూ అంతే పూయాలి. తోకకు ఎక్కువైతే బరువు వెనక్కి జరుగుతుంది. దాన్ని సరిచేయడానికి ముక్కుకు బంకమట్టి అద్దితే మళ్లీ బరువే. పూత ఆరాక రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి తూకం చూడటం తప్పనిసరి.

ఏ రంగన్నది నేలను బట్టి ఉంటుంది. కోయిలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగడిలో పసుపు దూరం నుంచే కనబడుతుంది. పత్తికొండ, డోన్ ఎర్రనేలల్లో ఎరుపు పూస్తే వెతుక్కోవడమే పని. నలుపు ఎండలో కాగుతుంది, బెండు రెక్కకు అది మంచిది కాదు.

మందు ఇంట్లో దంచడం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. ఫ్యాక్టరీలో తయారైన మోటారు వాడినా పక్కన పెద్దలుండాలి, దరిదాపుల్లో చొప్పవాములు ఉండకూడదు. రబ్బరు పట్టీతో వదిలే నమూనాకు ఈ భయం లేదు. రంగు లెక్క మాత్రం దానికీ ఇదే.