కంప్యూటర్‌లో జాగా ఎందుకు నిండిపోయింది?



మన ఇంట్లో బియ్యం డబ్బా నిండితే చూడగానే తెలుస్తుంది. మూత పట్టదు. కంప్యూటర్‌లో కూడా ఒక డబ్బా ఉంది. దాని పేరు డిస్క్. మనం రాసినవి, ఫోటోలు, పాటలు, సినిమాలు అన్నీ అందులోనే ఉంటాయి. కాని ఎంత నిండిందో బయటికి కనిపించదు. నిన్నటిదాకా బాగా నడిచిన కంప్యూటర్ ఇవాళ ఒక్కసారిగా "జాగా లేదు" అంటుంది. ఇంట్లో అందరికీ భయం పుడుతుంది.

ఇప్పుడు పిల్లల చదువు కాగితాలన్నీ కంప్యూటర్‌లోనే ఉంటున్నాయి. తెలంగాణలో డిగ్రీ సీటుకు 2016 నుండి 'దోస్త్' పద్ధతి వచ్చింది. దరఖాస్తు ఇంటర్నెట్‌లోనే పెట్టాలి. పీజీ సీటు కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయం జరిపే 'సీపీగెట్' పరీక్షకు కూడా అంతే. ఆఖరు తేదీనాడు కంప్యూటర్ మొరాయిస్తే ఒక ఏడాది చదువే పోవచ్చు.

తార్నాకలో ఒక ఇల్లు ఉందనుకుందాం. తల్లి యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక హాస్టల్ వంటగదిలో పని చేస్తుంది. ఈ మధ్యనే చదవడం, రాయడం నేర్చుకుంది. అంకెలు బాగా చదువుతుంది. బిడ్డ డిగ్రీ అయిపోయింది. పీజీకి దరఖాస్తు పెడుతోంది. ఇంట్లో సెకండ్ హ్యాండులో కొన్న కంప్యూటర్ ఉంది. రేపే ఆఖరు తేదీ. మార్కుల మెమో స్కాన్ చేసి దాచుకోబోతే తెరమీద మాట వచ్చింది: డిస్క్ నిండింది.

బిడ్డకు చెమటలు పట్టాయి. చేతికందిన ఫైళ్లు తీసేయబోయింది. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఇంటర్ మెమో.

"ఇవి మళ్లీ తెచ్చుకోవచ్చులే అమ్మా" అన్నది.

తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. "బిడ్డా, ఇవి తీస్తే ఎంత జాగా వస్తదో ముందు చూడు" అన్నది.

తల్లి అడిగిందే సరైన మాట. ఏది ఎంత బరువో తెలియకుండా ఏదీ తీయవద్దు. ఆ బరువు ఎట్లా తెలుస్తుందో చూద్దాం.

బియ్యాన్ని కిలోల్లో కొలుస్తాం. కంప్యూటర్‌లో దాచినదాన్ని బైట్లలో కొలుస్తారు. ఒక తెలుగు 'అ' రాసి దాచితే 3 బైట్ల జాగా పడుతుంది. 'అమ్మ' అని రాస్తే 12 బైట్లు. రెండే అక్షరాలు కదా, 6 బైట్లు కావాలి కదా అంటారేమో. మ కింద మ వత్తు ఉంది చూడండి. కంప్యూటర్ దాన్ని అ, మ, పొల్లు, మ అని నాలుగు ముక్కలుగా దాచుకుంటుంది. నాలుగు మూళ్లు పన్నెండు.

పది లక్షల బైట్లయితే సుమారు ఒక ఎంబీ. వెయ్యి ఎంబీలు ఒక జీబీ. ఫోనులో తీసిన ఒక్క ఫోటో మూడు ఎంబీలు ఉందనుకోండి. అంటే ముప్పై లక్షల బైట్లు. అంత జాగాలో 'అ' లాంటి తెలుగు అక్షరాలు పది లక్షలు పడతాయి! వీడియో ఇంకా బరువు. మంచి ఫోనుతో తీస్తే నిమిషానికి వంద ఎంబీల దాకా పోతుంది. గంటసేపు పెళ్లి తీస్తే ఆరు జీబీలు.

దీనికి క్యాంపస్‌లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని పాత తెలుగు పుస్తకాలు ఎన్నింటినో పేజీ పేజీ ఫోటో తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. వాటిని ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. అవి ఫోటోలు కాబట్టి ఒక్కో పుస్తకం ఎన్నో ఎంబీల బరువు ఉంటుంది. అదే రెండు వందల పేజీల పుస్తకాన్ని అక్షరాలుగా టైపు చేసి దాచితే ఒక ఎంబీ కూడా పట్టదు.

1956లో అమెరికాలో ఐబీఎం కంపెనీ మొదటి డిస్క్ యంత్రాన్ని తయారు చేసింది. దాని బరువు ఒక టన్నుకు పైనే. అందులో పట్టింది 50 లక్షల ఇంగ్లీషు అక్షరాలు. మన ఫోనులోని రెండు ఫోటోలు అందులో పట్టేవి కావు.

ఇప్పుడు ఆ బిడ్డ చేయబోయిన పని చూడండి. సర్టిఫికెట్లు ఒక్కొక్కటి ఒక ఎంబీ లోపే. మూడు తీసినా మూడు ఎంబీలు రావు. ఇంటికి ప్రాణం లాంటివి పోతాయి. జాగా మాత్రం రాదు.

ముందు దరఖాస్తు పని గడవాలి. డిస్క్ నిండినప్పుడు దాచిన ఫైలు సగమే దాచుకోవచ్చు, లేదా ఖాళీగా దాచుకోవచ్చు. అందుకని మెమోను పెన్ డ్రైవ్‌లో దాచాలి. ఒకసారి తెరిచి, పేజీ మొత్తం కనిపిస్తోందో లేదో చూడాలి. తర్వాత తీరిగ్గా వెతకవచ్చు.

ఎక్కడ వెతకాలి? విండోస్ ఉన్న కంప్యూటర్‌లో 'దిస్ పీసీ' అనే బొమ్మ నొక్కండి. 'సి' అనే డ్రైవ్ కింద ఒక గీత ఉంటుంది. ఖాళీ బాగా తగ్గితే, పదో వంతు కూడా లేకపోతే ఆ గీత ఎర్రబడుతుంది. పక్కనే అంకెలు ఉంటాయి. డిస్క్ పెట్టె మీద 128 జీబీ అని ఉంటే తెర మీద 119 అని కనిపిస్తుంది. అమ్మినవాడు మోసం చేశాడని అనుకోకండి. పెట్టె మీద వెయ్యి లెక్క వేస్తారు. కంప్యూటర్ 1024 లెక్క వేస్తుంది.

తర్వాత 'సెట్టింగ్స్' తెరవండి. అందులో 'సిస్టమ్', దాంట్లో 'స్టోరేజ్'. ఏది ఎంత జాగా తిన్నదో వరుసగా అంకెలతో చూపిస్తుంది. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు చదవగలం కదా. అన్నింటికన్నా పెద్ద అంకె ఎక్కడుందో అక్కడికే పోవాలి. మన కథలోని తల్లి వేలు పెట్టి చూపించింది. 'టెంపరరీ ఫైల్స్' పక్కన 24 జీబీ అని ఉంది.

లోపల చూస్తే అది పాత విండోస్. విండోస్ 10కు మామూలుగా ఇచ్చే మద్దతును మైక్రోసాఫ్ట్ కంపెనీ 2025 అక్టోబర్ 14న ఆపింది. అందుకని ఎంతోమంది విండోస్ 11కు మారారు. అట్లా మారినప్పుడు కంప్యూటర్ పాతదాన్ని వెంటనే పారేయదు. కొత్తది నచ్చకపోతే వెనక్కి పోవడానికి పది రోజులు దాచి ఉంచుతుంది. పాత ఇల్లు ఖాళీ చేయకుండానే కొత్త ఇంట్లో దిగినట్టు. రెండిళ్ల సామాను ఒకే డబ్బాలో ఉన్నది. అందుకే ఒక్కరోజులో జాగా పోయింది. కంప్యూటర్ చెడిపోలేదు.

ఇప్పుడు రెండు దారులు. ఆగగలిగితే పది రోజుల తర్వాత అదే పోతుంది. తొందర ఉంటే ఆ పేజీలోనే 'ప్రీవియస్ విండోస్' అని మొదలయ్యే వరుసకు టిక్కు పెట్టి తీసేయవచ్చు. తీసేశాక మళ్లీ పాతదానికి పోలేం. కొత్తది బాగా నడుస్తుంటేనే ఆ పని చేయాలి.

అదే పేజీలో 'డౌన్‌లోడ్స్' అనే పేరు కూడా కనిపిస్తుంది. దానికి మాత్రం టిక్కు పెట్టకండి. ఇంటర్నెట్ నుండి తెచ్చుకున్న హాల్ టికెట్లు, మెమోలు చాలామందికి అందులోనే ఉంటాయి. చెత్తతో కలిపి ఆ పేరు అక్కడ పెట్టడం నాకైతే అస్సలు నచ్చదు. విండోస్ పేరున్న ఫోల్డర్‌లోకి పోయి చేత్తో ఏదీ తీయకండి. కంప్యూటరే లేవకుండా పోతుంది.

ఇంకొక సంగతి. ఫోటో తీసేశాం కాని జాగా రాలేదని కొందరంటారు. తీసేసిన ఫైలు ముందు 'రీసైకిల్ బిన్'లోకి పోతుంది. ఇల్లు ఊడ్చి చెత్తను తలుపు మూలకు నెట్టినట్టే. అది ఇంకా ఇంట్లోనే ఉంది కదా! ఆ బుట్టను ఖాళీ చేస్తేనే జాగా వస్తుంది. ఖాళీ చేసేముందు ఒకసారి తొంగి చూడండి. పొరపాటున పడినవి ఉంటే వెనక్కి తీసుకోవచ్చు. పెన్ డ్రైవ్‌లోంచి తీసేసినవి మాత్రం మామూలుగా ఈ బుట్టలోకి రావు. నేరుగా పోతాయి.

కొన్నిసార్లు తెరమీద పెద్ద అక్షరాలతో "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని వస్తుంది. అది దొంగల పని. విండోస్ ఎప్పుడూ అట్లా ఫోన్ చేయమనదు. చేస్తే కంప్యూటర్ వాళ్ల చేతికి పోతుంది, తర్వాత బ్యాంకులో డబ్బు పోతుంది. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

పెద్ద అంకె వీడియోల దగ్గర కనిపిస్తే పద్ధతి వేరు. పెళ్లి వీడియోను బయటి డిస్క్‌లోకి ఎక్కించి, అక్కడ తెరిచి చూసుకుని, ఆ తర్వాతే ఇక్కడ తీసేయాలి. సర్టిఫికెట్లు ఇక్కడ ఒకటి, పెన్ డ్రైవ్‌లో ఒకటి ఉంచుకోవాలి. డిస్కులు కూడా ఒకనాడు చెడిపోతాయి.

ఇంత చేసినా జాగా చాలకపోతే ఇంకో డిస్క్ కొనాల్సిందే. తార్నాక నుండి సికింద్రాబాద్ దగ్గరే. ప్యారడైజ్ వైపు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. అందరూ సీటీసీ అంటారు. అంతా కంప్యూటర్ సామాన్ల దుకాణాలే. పోయేముందు మీ కంప్యూటర్ మోడల్ నంబరు కాగితం మీద రాసుకోండి. రెండు మూడు దుకాణాల్లో ధర అడగండి. బిల్లు తీసుకుని, దాని మీద గ్యారంటీ ఎన్నేళ్లు రాశారో అక్కడే నిలబడి చదవండి.